ఇరవై మెట్ల లోపు

తూర్పుతీర గిడ్డంగుల సమాఖ్యలో మేనేజర్లు అలసిపోరు; వాళ్ళకి రావలసిన అలసట మరో మనిషికి వస్తుంది, ఆ మనిషిని అలసటదారు అంటారు. ఇందులో వింతపడాల్సిందేమీ లేదు. విజయనగరం దాటి నాలుగు కిలోమీటర్లు పోతే రోడ్డు పక్కనే సమాఖ్య కార్యాలయం కనిపిస్తుంది, గేటు దగ్గర ఎవరినడిగినా చెబుతారు. అదీ తెలీకుండా ఇంత దూరం ఎలా వచ్చావన్నట్టు ఒక చూపు చూసి మరీ చెబుతారు.

పూర్వం ఇలా ఉండేది కాదు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళనే ఏరి మేనేజర్లుగా పెట్టుకునేవారు. అది ఎంత పొరపాటో తెలియడానికి పాతికేళ్ళు పట్టింది. కళాసీ, అంటే లారీల్లోకి బస్తాలు ఎత్తే మనిషి, బరువు ఎత్తలేక అవస్థ పడుతుంటే ఆ మేనేజరు చూస్తూ ఊరుకోలేక చొక్కా చేతులు మడిచి తనూ ఒక చెయ్యి వేసేవాడు. బస్తా లేచేది, కాదనం. కానీ ఎత్తమని చెప్పవలసినవాడే ఎత్తుతూ ఉంటే ఇక చెప్పేదెవరు? చివరికి ఒక కమిటీ వేశారు. యాజమాన్య పదవులకి ఒంట్లో సత్తువ లేనివాళ్ళే తగినవారని, సాయం చేద్దామనుకున్నా వాళ్ళు చెయ్యలేరు కనుక పని పద్ధతిగా సాగుతుందని ఆ కమిటీ నూట పన్నెండు పేజీల్లో తేల్చింది. అలసిపోయిన మేనేజరు సమావేశాల్లో కునికిపాట్లు పడతాడు కాబట్టి వాళ్ళ అలసటని వేరేవాళ్ళకి అప్పగించాలని నూట పదమూడో పేజీ అనుబంధంగా చేర్చింది.

తేల్చడం ఒక ఎత్తు, కొలవడం ఒక ఎత్తు. కార్యాలయం ముందు గోడకి డాబా దాకా ఇనప మెట్లున్నాయి, మొత్తం తొంభై రెండు. ఏటా జూలైలో రెండో సోమవారం ఆ మెట్ల మీద పరీక్ష జరుగుతుంది. ఆగకుండా, పక్కన కమ్మీ పట్టుకోకుండా ఎక్కాలి. ఊపిరి అందక ఎక్కడ ఆగిపోతే అదే ఆ మనిషి అంకె. ఇరవై లోపు ఆగినవాళ్ళు మేనేజరు పదవికి అర్హులు. అరవై దాటినవాళ్ళు కళాసీలుగానో అలసటదారులుగానో ఉంటారు. ఈ రెంటికీ మధ్య ఆగినవాళ్ళని మధ్యమం అంటారు. వాళ్ళు మోయడానికి చాలరు, మోయించడానికి ఎక్కువైపోతారు, అందుకని ఆ సాయంత్రమే వాళ్ళ చేతిలో విడుదల కాగితం పెడతారు. దొంగ ఆయాసం తీద్దామంటే కుదరదు. పట్నం నుంచి వచ్చిన డాక్టరు ఒకాయన మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ పక్కనే ఎక్కుతాడు. ఆయన బయటివాడు, ఆయన అలసట ఆయనే పడాలి.

ఒకసారి మేనేజరైనవాళ్ళకి మళ్ళీ పరీక్ష లేదు. చేతకానివాళ్ళని ఒకసారి తేలాక ఏటేటా తేల్చడం మర్యాద కాదని సమాఖ్య ఉద్దేశం.

గుమాస్తాలకి ఈ పరీక్ష తప్పనిసరి కాదు, మేనేజరు కావాలనుకున్నవాళ్ళే ఎక్కుతారు. గౌరీశ్వరికి వచ్చిన అంకె పద్నాలుగు. ఆమె అప్పటికి లారీలు తూచే కాటా గదిలో గుమాస్తా. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం పోతూ పోతూ గుండెని పాడుచేసి పోయింది. గేటు నుంచి కాటా గదికి నూట ఎనభై అడుగులు, అంత దూరం ఒక్క ఊపున నడవడం ఆమె వల్ల కాదు. పోలినాయుడనే కళాసీ రోజూ పొద్దున్నే ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని ఆమె వెనకాలే వచ్చేవాడు. అరవై అడుగులకోసారి కుర్చీ వేసేవాడు. ఆమె కూర్చుని, ఊపిరి కూడదీసుకుని లేచేది, అతను కుర్చీ ఎత్తుకునేవాడు. ఎవరూ అతనికి చెప్పలేదు, ఆమె అడగలేదు, ఆరేళ్ళు అలా జరిగిపోయింది. ఆమె అతన్ని అన్నా అని పిలిచేది.

మేనేజరు ఉత్తర్వు వచ్చిన రోజు సిబ్బంది విభాగం గుమాస్తా జోగారావు అలసట మార్పిడి పత్రం పట్టుకొచ్చాడు. కింది సగం మడిచి పిన్ను కొట్టి ఉంది. అలసటదారు పేరు, వేలిముద్ర అందులో ఉంటాయి, మేనేజరు చూడకూడదు.

"ఎవరండీ ఆ మనిషి?" అంది గౌరీశ్వరి.

"మీరు అడక్కూడదు, నేను చెప్పకూడదు మేడమ్. సంతకం ఇక్కడ."

ఆమె సంతకం చేసింది. జోగారావు గుండ్రటి ముద్రని సిరాలో అద్ది కాగితం మీద నొక్కాడు. నెత్తిన ఉన్న నీళ్ళబిందెని వెనకనుంచి ఎవరో రెండు చేతులతో పైకెత్తినట్టయింది. ఆమె లేచి నిలబడింది, గదిలో అటూ ఇటూ నడిచింది, తర్వాత వెనకవైపు సిమెంటు మెట్ల దగ్గరికి పోయింది. అవి ఫైళ్ళు మోసేవాళ్ళు వాడే మెట్లు, మేనేజర్ల గదులన్నీ కిందే కాబట్టి వాళ్ళెవరూ అటు పోరు. అవీ తొంభై రెండే. ఆమె డాబా దాకా ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. రెండోసారి డాబా మీద నిలబడి ఏడ్చేసింది. సంతోషంతోనే ఏడ్చింది, అందులో దాచవలసిందేమీ లేదు. ముప్ఫై ఆరేళ్ళ వయసులో ఆమె మొదటిసారి పరిగెత్తింది.

ఆ తర్వాత మూడు నెలలు ఆమెని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. పొద్దున్నే మైదానం చుట్టూ నాలుగు చుట్లు పరిగెత్తేది. బజారుకెళ్ళి తాడాట తాడు కొనుక్కుంది. రిక్షా మానేసి నడిచి ఆఫీసుకొచ్చేది. పని మాత్రం బాగా చేసేది, నిల్వలు-కదలికల విభాగంలో అంతకుముందు అంత చురుకైన మేనేజరు లేరని అందరూ అనేవారు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం వెనక మెట్లు ఎక్కుతూ ఆమె మలుపు దగ్గర కిటికీలోంచి కిందికి చూసింది. పెరట్లో లారీ నిలబడి ఉంది. పోలినాయుడు వీపు మీది బస్తా జారిపోయింది, అతను నేలమీద కూర్చుండిపోయాడు. ఆమె ఆగింది. కాసేపటికి అతను మొహం తుడుచుకుని లేచాడు. ఆమె ఐదు మెట్లు ఎక్కింది, అతను కూర్చున్నాడు. ఆగింది, లేచాడు. తను అనుకుంటున్నది తప్పవ్వాలని కోరుకుంటూ ఇంకో రెండు మెట్లు ఎక్కి చూసింది. అతను లారీ చక్రం పట్టుకున్నాడు. ఆమె గుండెలో రాయి పడింది. ఆ రాయి బరువు కూడా వెంటనే కిందికే చేరింది కాబోలు, ఆమె కదలకపోయినా అతను మళ్ళీ కూలబడ్డాడు.

ఆమె దిగి పెరట్లోకి వెళ్ళింది.

"అన్నా, నువ్వేనా?"

"నానేనమ్మా. మేడమ్ గారి అలసటతో పూర్వపరిచయం ఉందని కాయితంలో రాసేరంట. ఆ కుర్చీ సంగతి ఎవులో సెప్పినట్టున్నారు."

"నాకు చెప్పొద్దా?"

"సెప్తే ఏటవుద్ది? పరిగెత్తడం మానేస్తారు. మానకండి. బస్తా కంటే మీరే నయం."

మాట వరసకి అన్నది కాదు, నిజంగానే అన్నాడు. అలసటదారులకి ఎండలో పని తక్కువ. పైగా గేటు పక్కన అతని భార్య ఆదెమ్మ ఇడ్లీ బండి పెట్టుకుంది. ఆ చోటు సమాఖ్య మనుషుల కుటుంబాలకి తప్ప ఇతరులకి ఇవ్వరు. పోలినాయుడి పేరు రిజిస్టర్లో ఉన్నంతకాలం ఆదెమ్మ బండి గేటు దగ్గర ఉంటుంది. పేరు పోతే బండి కూడా పోతుంది.

గౌరీశ్వరి పరుగు మానేసింది. తాడు తీసి అటక మీద పడేసింది. మళ్ళీ రిక్షా ఎక్కింది, కుర్చీలోంచి లేవడం కూడా తగ్గించుకుంది. అయినా పోలినాయుడు రోజురోజుకీ నీరసపడిపోతున్నాడు. అతని కళ్ళ కింద నల్లగా చారలు వచ్చాయి. ఆమెకేమీ అర్థం కాక జనరల్ మేనేజరు పట్నాయక్ గారి దగ్గరికి వెళ్ళింది.

పట్నాయక్ గారి అంకె మూడు. సమాఖ్య చరిత్రలో అంతకంటే తక్కువ ఎవరికీ రాలేదు. ఆయనకి నలుగురు అలసటదారులు, ఆయన గ్లాసెత్తి మంచినీళ్ళు తాగితే నలుగురిలో ఎవరో ఒకరికి చెయ్యి లాగుతుంది. చాలా మంచి మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగడు. ఆమె చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు.

"చూడమ్మా, నడిస్తే వచ్చేది కాళ్ళ అలసట. రాత్రి నిద్రపోతే తీరిపోతుంది. బెంగతో వచ్చేది అలా కాదు, ఎముకలోకి దిగుతుంది, ఓ పట్టాన పోదు. నువ్వు పరుగు మానేసి ఇప్పుడేం చేస్తున్నావు? కూర్చుని అతని గురించి బాధపడుతున్నావు. నువ్వు జాలిపడ్డ ప్రతిసారీ అతని నెత్తిన ఒక బస్తా వేస్తున్నట్టే."

"మరి నన్నేం చెయ్యమంటారండీ?"

"పట్టించుకోకు. వాళ్ళకి మనం చెయ్యగలిగిన మేలు అదొక్కటే. ముప్ఫై ఏళ్ళుగా నేను చేస్తున్నదీ అదే. ఇంకో మాట, అన్నా తమ్ముడూ అని పిలవడం మానెయ్. వరసలు బరువు. నిబంధన కూడా ఉంది, పదిహేడు."

ఆమె ఇంటికెళ్ళి నిబంధన పదిహేడు చదివింది. ఆయన చెప్పింది నిజమే. అలసటదారు వయసు, ఊరు, పిల్లల పేర్లు తెలుసుకోరాదని, కుశలప్రశ్నలు వేయరాదని, తప్పనిసరై మాట్లాడితే వాతావరణం గురించి మాట్లాడవచ్చని అందులో ఉంది. మొదట్లో ఆమెకి చచ్చే చావయింది. గేటు దగ్గర అతను కనిపిస్తే మొహం తిప్పుకోవడం, ఆ తిప్పుకున్నందుకు మళ్ళీ బాధపడటం, ఆ బాధ పోయి అతనికే తగలడం. మెల్లమెల్లగా కుదిరింది. ఏడాది తిరిగేసరికి అన్నా పోయి నాయుడూ అయింది. ఇంకో ఆరు నెలలకి అతను ఆమెకి రోజులో ఒకటి రెండుసార్లే గుర్తొచ్చేవాడు. అతను కూడా కొంచెం తేరుకున్నాడు, కానీ ఎముకలోకి దిగింది దిగినట్టే ఉండిపోయింది. కిందటేడు పరీక్షలో అరవై మూడు మెట్లు ఎక్కి బొటాబొటిగా గట్టెక్కాడు.

ఈ ఏడు జూన్ నెలాఖరున అతను ఆమె గది తలుపు దగ్గర నిలబడ్డాడు. రెండేళ్ళలో ఆ గుమ్మం దాకా రావడం అదే మొదలు.

"ముప్పై ఒకటమ్మా," అన్నాడు.

పొద్దున్నే ఎవరూ లేనప్పుడు ఇనప మెట్లెక్కి చూసుకున్నాడట. ముప్పై ఒకటో మెట్టు మీద ఊపిరి అందక ఆగిపోయాడు. పరీక్షకి పద్నాలుగు రోజులుంది. ముప్పై ఒకటి అంటే మధ్యమం. ఉద్యోగం పోతుంది, ఆదెమ్మ బండి గేటు దగ్గరినుంచి లేచిపోతుంది. అది ఇద్దరికీ తెలుసు.

"సెలవు పెట్టి పడుకో నాయుడూ. ఒంట్లోకి సత్తువ వస్తుందేమో."

"ఎంత తొంగున్నా అరవైకి ఎక్కనేనమ్మా. ఆ దారి మూసుకుపోనాది. ఇంక దిగడమొక్కటే దారి. ఇరవై లోపల పడిపోతే నానూ మేనేజర్నే గదా."

ఆమె నోరు వెళ్ళబెట్టింది. కానీ అందులో తప్పేమీ కనబడలేదు. నిబంధనల్లో మేనేజరు ఎలా అలసిపోయాడన్నది ఎక్కడా అడగలేదు, అలసిపోయాడా లేదా అన్నదే అడిగారు.

"ఇంకా పదకొండు మెట్లు తగ్గాలి. ఎలా తగ్గుతాయి?"

"మీరు బెంగెట్టుకోవాల. మునపట్లాగ. ఈ పద్నాలుగు రోజులూ గట్టిగా ఎట్టుకోండి తల్లీ."

మర్నాటి నుంచి గౌరీశ్వరి రోజూ మూడు నుంచి నాలుగు దాకా తలుపు వేసుకుని బెంగపెట్టుకోవడం మొదలుపెట్టింది. మొదటి రోజు ఎంత ప్రయత్నించినా రాలేదు. రెండేళ్ళ సాధన మరి. పోలినాయుడు అని తలుచుకుంటుంటే నిల్వ పట్టికలు కళ్ళముందుకొస్తున్నాయి. రెండో రోజు స్టోరు గదికెళ్ళి వెతికి పాత ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి ఎదురుగా వేసుకుంది. ఒక కాలు విరిగితే తీగతో కట్టి ఉంది. ఆ తీగ అతనే కట్టాడని గుర్తొచ్చింది. తను కూర్చున్నప్పుడు ఎండ తగలకుండా అతను అటువైపు నిలబడేవాడని గుర్తొచ్చింది. ఈ మనిషిని నేను తినేశాను అనుకుంది. అప్పుడు ఏడుపొచ్చింది. మర్నాడు పొద్దున్న అతని అంకె ఇరవై ఎనిమిది.

తర్వాత ఇరవై ఐదు. ఆ తర్వాత ఇరవై రెండు. అతను గోడ పట్టుకుని వచ్చి తలుపు సందులోంచి అంకె చెప్పి వెళ్ళిపోయేవాడు. ఇరవై రెండు అని వినగానే గండం గడిచినట్టే అనిపించి ఆమె మనసు తేలికపడింది. అంతే, మర్నాడు అతను ఇరవై ఏడు ఎక్కేశాడు.

"ఏటమ్మా, సంతోషపడిపోనారా?" అన్నాడు. అతను ఆమె మీద విసుక్కోవడం అదే మొదటిసారి.

"కాస్త పడ్డాను నాయుడూ."

"పడకండి. ఇంక వారమే ఉన్నాది."

ఆ వారం ఆమె సంతోషం జోలికి పోలేదు. కానీ బెంగకీ ఒక హద్దుంది. ఎంత ఏడ్చినా, కుర్చీని ఎంతసేపు చూసినా శనివారం ఉదయానికి ఇరవై నాలుగు దగ్గర ఆగిపోయింది. నాలుగు మెట్లు మిగిలాయి, మధ్యలో ఒక ఆదివారం ఉంది. అప్పుడు ఆమెకి కిందటేడు జరిగిన సంగతి గుర్తుకొచ్చింది. పరీక్ష రోజున పద్దుల విభాగం మేనేజరు ఊసుపోక పెరట్లో బంతాట ఆడాడు. సరిగ్గా ఆ సమయానికి ఇనప మెట్ల మీదున్న ఆయన అలసటదారు పదకొండో మెట్టు దగ్గర కూలబడి మేనేజరైపోయాడు. ఇప్పుడతను రెండో గదిలో కూర్చుంటాడు. కాళ్ళ అలసట రాత్రికి తీరిపోతుందన్న మాట నిజమే, కానీ పరీక్ష పొద్దున్న కదా జరిగేది.

పోలినాయుణ్ణి పిలిచి చెప్పింది. "నువ్వు ముందు మెట్లు ఎక్కుతుంటే నేను వెనక మెట్లు ఎక్కుతాను. పరిగెత్తి ఎక్కుతాను."

"పరిగెత్తండమ్మా. నా మీద జాలి సూపకండి."

ఆ సాయంత్రం జోగారావు వారం సర్క్యులర్ల కట్ట తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. సమాఖ్యలో మేనేజర్లు సర్క్యులర్లు చదవరు. చదివితే అలసటదారు కళ్ళు లాగుతాయి, అందుకని కాగితం అడుగున 'చూశాను' అని రాసి సంతకం పెట్టి పంపేస్తారు. అదొక మర్యాద, మొదటి తరం మేనేజర్ల నుంచి వస్తున్నది. గౌరీశ్వరి ఇరవై ఆరు కాగితాల మీద చూశాను అని రాసింది. పద్దెనిమిదో కాగితంలో ఇలా ఉంది: కిందటేడు జరిగిన బంతాట దృష్ట్యా ఈ ఏడు సోమవారం ఉదయం తొమ్మిది గంటల నుంచి పరీక్ష ముగిసేవరకు మార్పిడి ముద్రను బీరువాలో ఉంచి తాళం వేయబడును. ముద్ర బీరువాలో ఉన్నంతసేపు ఎవరి అలసట వారిదే. మేనేజర్లు ఆ సమయంలో కుర్చీల్లోంచి లేవరాదు. ఆ ఒక్క రోజు ఆమె మర్యాద పక్కనపెట్టి చదివి ఉంటే ఆమెకి విషయమూ తెలిసేది, పోలినాయుడి కళ్ళు కూడా కాస్త అలిసేవి. చదవలేదు.

సోమవారం తొమ్మిది గంటలకి జోగారావు ముద్రని బీరువాలో పెట్టి తాళం తిప్పాడు. తొమ్మిదీ నలభైకి మైకులో పోలినాయుడి పేరు పిలిచారు. మైకు రెండువైపులకీ వినిపిస్తుంది. గౌరీశ్వరి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని వెనక మెట్ల మొదట్లో నిలబడి ఉంది.

"ఒకటి," అంది మైకు.

ఆమె పరుగందుకుంది. ఐదు మెట్లు దాటేసరికి ఛాతీలో ఏదో పట్టినట్టయింది. భయం వల్లేమో అనుకుంది. రెండేళ్ళుగా ఆయాసమంటే ఏమిటో ఎరగని మనిషి, వస్తే గుర్తుపట్టలేకపోయింది. మైకు ఎనిమిది అంది. ఆమె పదకొండో మెట్టు మీద ఉంది. కాళ్ళు బరువెక్కాయి, చెవుల్లో హోరు మొదలైంది. ఈ బరువంతా అటు పోతోంది కదా, ఇంకా కొంచెం, అనుకుంటూ ఎక్కింది. పద్నాలుగో మెట్టు మీద ఊపిరి సగంలో ఆగింది. కమ్మీ పట్టుకుని ఒళ్ళు పైకి లాక్కుంది. మైకు పదహారు అంది.

అవతల పోలినాయుడి పరిస్థితి వేరు. తొమ్మిది దాటిన దగ్గర్నుంచి అతనికి ఒళ్ళు తేలిగ్గా ఉంది. పడిన అలసట పడినట్టే ఉన్నా, కొత్తది రావడం ఆగిపోయింది. రెండేళ్ళ తర్వాత గాలి లోపలికి నిండుగా పోతోంది. పడిపోవాలి, పడిపోవాలి అని అతను లోపల అనుకుంటూనే ఉన్నాడు, కాళ్ళు మాత్రం హాయిగా ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్నాయి. డాక్టరు వేళ్ళు మణికట్టు మీద ఉన్నాయి. ఆగుదామంటే నాడి అబద్ధం చెప్పదు.

"పంతొమ్మిది," అంది మైకు. గౌరీశ్వరి ఇరవయ్యో మెట్టు మీద మోకాళ్ళ మీద పడింది. చేతులతో పాకి ఇంకో మెట్టు ఎక్కింది.

"ఇరవై."

పడిపో అన్నా, అంది ఆమె. గొంతు దాటి బయటికి రాలేదు. ఇంకో రెండు మెట్లు పాకింది.

"ఇరవై ఒకటి," అంది మైకు. తర్వాత ఇరవై రెండు అంది, ఇరవై మూడు అంది. మైకులో మాట్లాడేవాడికి ఏ అంకె అయినా ఒకటే. చివరికి ముప్పై ఆరు దగ్గర ఆగి, "పోలినాయుడు, ముప్పై ఆరు, మధ్యమం, తర్వాతివారు రండి," అని చదివాడు. ఆ మాట గౌరీశ్వరి వినలేదు. ఇరవై మూడో మెట్టు మీద బోర్లా పడి ఉన్న ఆమెని పావుగంట తర్వాత ఫైళ్ళు దించే మనిషి చూశాడు.

ఆస్పత్రిలో ఆమెకి తెలివొచ్చేసరికి ముద్ర బీరువాలోంచి బయటికి వచ్చేసింది. దానివల్ల ఆమెకి ఉపయోగం లేకపోయింది. అలసటదారు ఉద్యోగం పోతే మార్పిడి పత్రం రద్దవుతుంది. ఆమె అలసట ఆమె దగ్గరే ఉండిపోయింది. పాతరోజుల్లోలా కాదు, ఇప్పుడు గుండె మరీ దెబ్బతింది. పక్కకి ఒత్తిగిలితే ఆయాసం, మాట్లాడితే ఆయాసం, చారు రెండు చెంచాలు మింగితే ఆయాసం. తలకింద మూడు దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. ఊపిరి కోసం ఆమె పడే అవస్థ చూడలేక పక్క మంచం వాళ్ళు తెర లాగేసుకున్నారు.

నాలుగో రోజు ఉదయం జోగారావు వచ్చాడు. చేతిలో కొత్త పత్రం ఉంది. ఈసారి అది మడిచి లేదు.

"కళాసీల్లో ఎవరూ ఖాళీగా లేరు మేడమ్. ఈ ఏడు మేనేజర్లు ఎక్కువ తేలారు. మధ్యమం వాళ్ళని బయటి మనుషుల కింద తీసుకోమని నిన్ననే ఉత్తర్వు వచ్చింది. వాళ్ళకి మెట్లూ గిట్లూ అక్కర్లేదు, ఇంట్లో పడుకుని అలిసిపోతే చాలు." ఒకసారి గుమ్మం వైపు చూశాడు. "పాత మనిషేనండి. అలవాటు పడిన ఒళ్ళు."

గుమ్మం దగ్గర పోలినాయుడు నిలబడి ఉన్నాడు. చేతిలో స్టీలు డబ్బా ఉంది, ఆదెమ్మ ఇడ్లీలు పంపింది. నాలుగు రోజుల్లో అతని మొహం కాస్త తేటపడింది. కళ్ళ కింద చారలు తగ్గాయి. ఆమె అది చూసింది.

"బండి..." అంది. ఆ ఒక్క మాటకే మూడుసార్లు ఊపిరి పీల్చుకోవలసి వచ్చింది.

"మీ కాయితం మీద నా యేలిముద్ర ఉన్నంతకాలం గేటు కాడే ఉంచుకోమన్నారమ్మా. నేదంటే రేపు తీసీమన్నారు."

"నీ ఒళ్ళు... నా వల్ల..."

"అదిగో, మళ్ళీ మొదలెట్టినారు. ఎట్టీయండమ్మా సంతకం. మీరు ఊపిరాడక చచ్చిపోతే నాకు మాత్రం ఏటి లాభం?"

జోగారావు కలం మూత తీసి పట్టుకున్నాడు. ఆమె కాగితాన్ని చూసింది. అతని పేరు ఉంది, దాని కింద అప్పుడే వేసిన వేలిముద్ర తడిగా ఉంది. వద్దని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. చెప్పాలంటే గాలి కావాలి, గాలి లేదు. కలం తీసుకుంది. సంతకం వంకర పోయింది, జోగారావు పరవాలేదన్నాడు. సంచీలోంచి ముద్ర తీసి, మంచం పట్టీ మీద కాగితం ఆనించి నొక్కాడు.

నెత్తిన ఉన్న బిందె మళ్ళీ లేచింది. గాలి లోపలికి వచ్చింది, ఛాతీ అడుగుదాకా వచ్చింది. ఆమె దిండ్ల మీంచి లేచి తిన్నగా కూర్చుంది. ఎంత హాయిగా ఉందంటే, సిగ్గుపడాలని కూడా ఆమెకి కాసేపటిదాకా గుర్తు రాలేదు. గుమ్మం దగ్గర పోలినాయుడు ఇడ్లీల డబ్బా జాగ్రత్తగా కింద పెట్టాడు. గోడకి చెయ్యి ఆనించుకుని నెమ్మదిగా దిగి, నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఊపిరి పీలుస్తుంటే అతని భుజాలు లేచి పడుతున్నాయి.

"నేల సల్లగా ఉన్నాదమ్మా," అన్నాడు.

అన్నా అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. ఆ మాట ఎంత బరువో ఆమెకి తెలుసు. అతని ఒంటి మంచి కోరి, ఆమె అటు తిరిగి పడుకుని, రేపు రావలసిన లారీల గురించి ఆలోచించడం మొదలుపెట్టింది.